క్రైస్తవ జీవితంలో ఆధ్యాత్మిక పరిపక్వత

క్రీస్తును నమ్మి కొత్త జీవితం మొదలుపెట్టిన మనిషి ఆలోచనలోనూ మాటలోనూ నడతలోనూ క్రమంగా క్రీస్తు స్వభావాన్ని సంతరించుకోవడమే ఆధ్యాత్మిక పరిపక్వత. తెలుగు సంఘాల్లో దీన్ని ఆత్మీయ ఎదుగుదల అంటారు. మారుమనస్సు, బాప్తిస్మం ఈ జీవితానికి ఆరంభం. ఆ తరువాత నడవాల్సిన దారి ఏది, ఎవరి తోడుతో నడవాలి, గమ్యాన్ని ఈ లోకంలోనే చేరగలమా అనే ప్రశ్నలకు క్రైస్తవ సంఘం రెండు వేల ఏళ్లుగా జవాబులు వెతుకుతోంది. ఎడారి సన్యాసులు, మఠవాసులు, సంస్కర్తలు, పల్లెల్లో ప్రార్థన కూడికలు నడిపిన సామాన్య విశ్వాసులు తమ తమ దారులు చూపారు. సాధనలు ఎంత వేరైనా ఒక్క విషయంలో వీరిలో ఎక్కువమంది ఏకీభవించారు. వాక్యజ్ఞానం, ఉపవాసాలు, అద్భుత అనుభవాలు ఎన్ని ఉన్నా, పక్కనున్న మనిషిని ప్రేమించడం నేర్చుకోనివాడు ఇంకా ఎదగలేదు.

బైబిలు పునాది

ఎదుగుదల గురించి కొత్త నిబంధనలోని ముఖ్యమైన బోధ చాలావరకు గొడవలు పడుతున్న సంఘాలకు రాసిన ఉత్తరాల్లో కనిపిస్తుంది. కొరింథు సంఘానికి జ్ఞానం, భాషలు, ప్రవచనం వంటి వరాలకు కొదవ లేదు. అయినా పౌలు మొదటి పత్రిక 3వ అధ్యాయంలో వారిని పాలు తాగే పసిబిడ్డలతో పోల్చాడు. దానికి ఆయన చూపిన కారణం వారి అసూయ, కలహం, నాయకుల పేర్లతో కట్టిన ముఠాలు. అదే పత్రిక 13వ అధ్యాయంలో, ప్రేమ లేని వరాలన్నీ వ్యర్థమని తేల్చాడు.

హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం ఇదే పోలికను మరోవిధంగా వాడుతుంది. ఇతరులకు బోధించాల్సిన కాలం వచ్చినా మొదటి పాఠాల దగ్గరే ఆగిపోయినవారిని మందలిస్తుంది. మంచిచెడులను గుర్తించే శక్తి అభ్యాసంతో వస్తుందని, ఆ అభ్యాసం ఉన్నవారే బలమైన ఆహారానికి తగినవారని చెబుతుంది. ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయంలో ఎదిగేది ఒంటరి వ్యక్తి కాదు, సంఘమనే శరీరమంతా కలిసి ఎదుగుతుంది. కాపరులు, ఉపదేశకులు ఉన్నది సభ్యులందరినీ సేవకు సిద్ధం చేయడానికే. పేతురు రెండో పత్రిక మొదటి అధ్యాయంలో విశ్వాసంతో మొదలైన గుణాల వరుస ప్రేమతో ముగుస్తుంది. గలతీ పత్రిక 5వ అధ్యాయం చెప్పే ఆత్మఫలంలోని తొమ్మిది గుణాల్లో మొదటిది కూడా ప్రేమే.

సువార్తల్లోనూ ఇదే ధోరణి. మత్తయి 5వ అధ్యాయం చివర యేసు శిష్యులను సంపూర్ణులు కమ్మని పిలుస్తాడు. ఆ పిలుపుకు సరిగ్గా ముందు వచ్చే మాటలు శత్రువును ప్రేమించడం గురించినవే. మార్కు 4వ అధ్యాయంలో, విత్తినవాడికి తెలియకుండానే మొలకెత్తి, వెన్నుపట్టి, గింజకట్టే పైరు ఉపమానం ఉంది. ఎదుగుదల దేవుని పని అనీ, దానికి కాలం పడుతుందనీ ఆ ఉపమానం బోధిస్తుంది.

ఈ దారి తిన్నగా సాగదనడానికి పేతురు జీవితమే సాక్ష్యం. యేసును క్రీస్తని ఒప్పుకున్నవాడే ఆయన్ను ఎరగనని బొంకాడు, తిరిగి నిలబడ్డాడు. సంఘ నాయకుడైన తరువాత కూడా, విమర్శకు భయపడి అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేయడం మానేశాడు. గలతీ పత్రిక 2వ అధ్యాయం ప్రకారం పౌలు ఆయన్ను అందరి ముందే నిలదీశాడు. పౌలు సైతం తాను ఇంకా గమ్యం చేరలేదని, పరుగు సాగిస్తూనే ఉన్నానని ఫిలిప్పీ పత్రిక 3వ అధ్యాయంలో ఒప్పుకున్నాడు.

తొలి సంఘం, ఎడారి గురువులు

తొలి శతాబ్దాల్లో బాప్తిస్మానికి ముందు దీర్ఘకాలం శిక్షణ ఉండేది. 3వ శతాబ్దం నాటిదిగా భావించే ‘అపొస్తలుల సంప్రదాయం’ అనే గ్రంథం మూడేళ్ల ఉపదేశాన్ని సూచిస్తుంది. చివరి పరీక్షలో అడిగే ప్రశ్నలు అభ్యర్థి ఎలా బతికాడన్నదాని గురించే. విధవరాండ్రను గౌరవించాడా, రోగులను చూడబోయాడా అని, అతన్ని తీసుకువచ్చినవారిని విచారించేవారు.

4వ శతాబ్దంలో క్రైస్తవం రాజాదరణ పొందింది. విశ్వాసం సులభమైపోతోందని కలతపడిన చాలామంది ఈజిప్టు, సిరియా, పాలస్తీనా ఎడారులకు వెళ్లారు. అప్పటికే ఎడారిలో స్థిరపడిన ఆంథోనీ జీవితాన్ని అలెగ్జాండ్రియా బిషప్పు అతనేసియస్ గ్రంథస్థం చేయడంతో ఆ జీవన విధానం దూరప్రాంతాలకూ పాకింది. ఎవాగ్రియస్ (345–399) మనిషిని పడగొట్టే ఎనిమిది దురాలోచనలను వర్గీకరించాడు. తిండిపోతుతనం, కామం, ధనాశ, దుఃఖం, కోపం, నిరుత్సాహం, కీర్తికాంక్ష, గర్వం అందులో ఉన్నాయి. పాశ్చాత్య సంఘంలో ప్రసిద్ధమైన ఏడు మూలపాపాల జాబితాకు మూలం ఇదే. స్థూలమైన పాపాలను జయించినవాడికి కూడా, జయించానన్న గర్వం చివరిదాకా పొంచి ఉంటుందని ఎడారి గురువులు హెచ్చరించారు.

ఒంటరి సాధన చాలదని కూడా ఆ కాలంలోనే గుర్తించారు. పకోమియస్ ఈజిప్టులో సామూహిక మఠాలు స్థాపించాడు. కైసరయ బిషప్పు బాసిల్, ఒంటరిగా ఉండేవాడు ఎవరి పాదాలు కడుగుతాడని అడిగాడు. 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన 73 అధ్యాయాల నియమావళి ప్రార్థన, చదువు, శరీరశ్రమలను ఒకే దినచర్యలో కలిపింది. దాని 7వ అధ్యాయం వినయానికి పన్నెండు మెట్లు చెబుతుంది.

మెట్లు, మార్గాలు, గదులు

ఎదుగుదలను దశలుగా వివరించే ప్రయత్నాలు తూర్పు, పడమర సంఘాల్లో సమాంతరంగా సాగాయి. నిస్సా గ్రెగరీ మోషే జీవితంపై రాసిన గ్రంథంలో, దేవుడు అనంతుడు కాబట్టి ఆయన వైపు సాగే ఎదుగుదలకూ అంతం లేదన్నాడు. ఆయన దృష్టిలో ఎదుగుతూ ఉండటమే సంపూర్ణత. 7వ శతాబ్దంలో సీనాయి మఠాధిపతి జాన్ క్లిమాకస్ పరలోకానికి ముప్పై మెట్ల నిచ్చెనను వర్ణించాడు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ చివరి మెట్టు. ఆర్థడాక్స్ సంఘాలు ఈ ప్రయాణాన్ని దైవస్వభావంలో పాలుపొందడంగా భావిస్తాయి. యేసు నామాన్ని ఎడతెగకుండా స్మరించే చిన్న ప్రార్థన అక్కడ ప్రధాన సాధన. దాని గురించిన పూర్వుల రచనలను ‘ఫిలోకాలియా’ పేరుతో 1782లో వెనిస్‌లో ముద్రించారు.

పశ్చిమ సంఘంలో శుద్ధి, వెలుగు, ఐక్యత అనే మూడు మార్గాల విభజన స్థిరపడింది. మొదటి దశలో పాపాన్ని వదిలించుకోవడం, రెండో దశలో సద్గుణాల్లో పెరగడం, మూడో దశలో దేవుని చిత్తంతో మనసు ఏకమవడం జరుగుతాయి. 12వ శతాబ్దంలో క్లేర్వో బెర్నార్డ్ ప్రేమకు నాలుగు స్థాయిలు చెప్పాడు. మనిషి మొదట తన కోసమే తనను ప్రేమించుకుంటాడు. తరువాత తన అవసరం కోసం దేవుణ్ణి ప్రేమిస్తాడు. ఆపై దేవుణ్ణి దేవుని కోసమే ప్రేమిస్తాడు. చివరికి తనను కూడా దేవుని కోసమే ప్రేమించుకోగలుగుతాడు.

16వ శతాబ్దపు స్పెయిన్‌లో ఈ చింతన శిఖరానికి చేరింది. ఆవిలా తెరెసా 1577లో రాసిన గ్రంథంలో ఆత్మను ఏడు వరుసల గదులున్న కోటగా ఊహించింది. అత్యంత లోపలి గదిలో దేవునితో ఐక్యత ఉంటుంది. ఆ గదికి చేరినవారు లోకాన్ని మరచి కూర్చోరాదని, ఆ ఐక్యత మంచి పనులను కనాలని ఆమె పట్టుబట్టింది. సువార్తలోని అక్కాచెల్లెళ్లలో మార్త చేసే పని, మరియ చేసే ధ్యానం అక్కడ కలిసిపోవాలన్నది ఆమె బోధ. లొయోలా ఇగ్నేషియస్ రూపొందించి, 1548లో పోపు ఆమోదం పొందిన ‘ఆధ్యాత్మిక సాధనలు’ నాలుగు వారాలుగా సాగుతాయి. రోజు చివర కృతజ్ఞతతో మనసును పరిశీలించుకునే ఆయన పద్ధతిని ఇప్పుడు కతోలికేతరులు కూడా పాటిస్తున్నారు.

సంస్కరణ తరువాత: సంపూర్ణత సాధ్యమా?

మఠవాసులు ఎక్కువ పవిత్రులు, గృహస్థులు తక్కువవారు అన్న భావనను మార్టిన్ లూథర్ తిరస్కరించాడు. చెప్పులు కుట్టేవాడికీ, పసిబిడ్డను సాకే తల్లికీ తమ పనే దైవసేవ అని బోధించాడు. ఆయన దృష్టిలో విశ్వాసి ఒకేసారి నీతిమంతుడూ, పాపీ. కృపవల్ల దేవుడు అతన్ని నీతిమంతుడుగా తీర్చాడు, అయినా పాపంతో పోరాటం మరణందాకా ఉంటుంది. అందువల్ల ఎదుగుదల అంటే ప్రతిరోజూ బాప్తిస్మానికి తిరిగి రావడం. 1529లో ఆయన రాసిన చిన్న ప్రశ్నోత్తరి ఇంటి పెద్దలు పిల్లలకు నేర్పడానికి ఉద్దేశించినది. జాన్ కాల్విన్ ఈ మార్పు నెమ్మదిగా జీవితమంతా సాగుతుందన్నాడు. ధర్మశాస్త్రం విశ్వాసికి దారిచూపే దీపంగా పనిచేస్తుందని నొక్కిచెప్పాడు.

1675లో జర్మన్ లూథరన్ కాపరి ఫిలిప్ స్పేనర్, సరైన సిద్ధాంతం ఒక్కటే చాలదంటూ ఇళ్లలో చిన్న గుంపులుగా బైబిలు చదవాలని పిలుపునిచ్చాడు. ఈ భక్తి ఉద్యమానికి హాలే నగరం కేంద్రమైంది. 1678లో ఇంగ్లండులో జాన్ బన్యన్ ‘యాత్రికుని ప్రయాణం’ మొదటి భాగం వెలువడింది. సామాన్య పాఠకులకు విశ్వాస జీవితాన్ని ఆపదలతో నిండిన బాటసారి కథగా అది పరిచయం చేసింది.

సంపూర్ణతపై అతిపెద్ద వాదాన్ని లేవదీసినవాడు జాన్ వెస్లీ (1703–1791). దేవుణ్ణీ పొరుగువాణ్ణీ నిండు మనసుతో ప్రేమించే స్థితి ఈ జీవితంలోనే సాధ్యమని ఆయన 1766లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. పొరపాట్లు, అజ్ఞానం, శారీరక బలహీనతలు ఉండవని ఆయన అనలేదు. ఉద్దేశంలో ప్రేమ ఏలుతుందన్నదే ఆయన వాదం. దీన్ని కాల్విన్ సంప్రదాయంవారు గట్టిగా ఖండించారు. అయితే వెస్లీ పద్ధతి ఆయన సిద్ధాంతంకంటే ఎక్కువమందిని చేరింది. 1742లో బ్రిస్టల్‌లో మొదలైన తరగతి కూడికల్లో సుమారు పన్నెండుమంది వారానికోసారి కలిసి, తమ ఆత్మ ఎలా ఉందో ఒకరికొకరు చెప్పుకునేవారు. అందులో గనికార్మికులు, పనిమనుషులు, నేతగాళ్లు ఉండేవారు. 1875లో మొదలైన కెసిక్ సభలు సంపూర్ణ సమర్పణను, 1906 నాటి లాస్ ఏంజలస్ అజూసా వీధి ఉజ్జీవం తరువాత వ్యాపించిన పెంతెకొస్తు సంఘాలు పరిశుద్ధాత్మ బాప్తిస్మాన్ని నొక్కిచెప్పాయి.

కతోలిక సంఘం 1964లో రెండో వాటికన్ మహాసభ పత్రంలో, పవిత్రతకు పిలుపు గురువులకూ సన్యాసినులకూ మాత్రమే పరిమితం కాదని, అది ప్రతి విశ్వాసిదీ అని ప్రకటించింది. ఈ ప్రకటనతో ఈ అంశంపై కతోలికులకూ ప్రొటెస్టంట్లకూ మధ్య దూరం చాలా తగ్గింది.

ఎదుగుదలకు సాధనాలు

వాక్యధ్యానానికి అన్ని సంప్రదాయాల్లోనూ ముఖ్యమైన స్థానం ఉంది. 12వ శతాబ్దపు మఠాధిపతి రెండో గ్విగో దాన్ని చదవడం, మననం చేయడం, ప్రార్థించడం, దేవుని ఎదుట నిశ్శబ్దంగా నిలవడం అనే నాలుగు మెట్లుగా వివరించాడు. ప్రార్థనలో కీర్తనల గ్రంథం యూదు కాలం నుంచి నేటిదాకా పాఠ్యపుస్తకంగా ఉంది. స్తోత్రంతోపాటు ఏడుపునూ కోపాన్నీ దేవుని ముందు పెట్టడం అది నేర్పుతుంది.

ఉపవాసం ఆకలి మీద అదుపు నేర్పుతుంది. యెషయా గ్రంథం 58వ అధ్యాయం మాత్రం, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టని ఉపవాసాన్ని దేవుడు అంగీకరించడని స్పష్టం చేస్తుంది. ప్రభురాత్రి భోజనం, పాపపు ఒప్పుకోలు, కానుక, విశ్రాంతి దినం, రోగులను, ఖైదీలను చూడబోవడం మిగిలిన ప్రధాన సాధనాలు. అమెరికన్ క్వేకర్ రచయిత రిచర్డ్ ఫోస్టర్ 1978లో ఇలాంటి పన్నెండు సాధనాలను వివరిస్తూ రాసిన పుస్తకం, పాత మఠాల పద్ధతులను ప్రొటెస్టంట్ పాఠకులకు దగ్గర చేసింది. ఈ సాధనాలు పుణ్యం కూడబెట్టేవి కావని, కృప పనిచేయడానికి మనిషి చోటివ్వడం మాత్రమేనని ఈ రంగంలో రాసినవారు పదేపదే చెబుతారు.

శ్రమ, ఎండిన కాలం

యాకోబు పత్రిక మొదటి అధ్యాయం, శోధన ఓర్పును పుట్టిస్తుందని, ఓర్పు మనిషిని పూర్ణుణ్ణి చేస్తుందని చెబుతుంది. సిలువ యోహాను (1542–1591) ఈ విషయాన్ని లోతుగా పరిశీలించాడు. ఆయన సొంత సన్యాస సభను సంస్కరించడాన్ని వ్యతిరేకించినవారు 1577 చివర ఆయన్ను టొలీడోలో బంధించారు. కొన్ని గొప్ప కవితలు ఆ చెరలోనే పుట్టాయి. ప్రార్థనలో తీపి పోయి, దేవుడు దూరమైనట్లు అనిపించే కాలాన్ని ఆయన చీకటి రాత్రి అన్నాడు. అనుభూతుల మీద ఆధారపడిన విశ్వాసం దేవుని మీదే ఆధారపడటం నేర్చుకునేది అప్పుడేనని వివరించాడు. ఆ పొడిదనాన్ని చూసి విశ్వాసం చచ్చిపోయిందనుకుని భయపడేవారికి నేటికీ కాపరులు ఈ బోధతోనే ధైర్యం చెబుతారు.

20వ శతాబ్దంలో డీట్రిష్ బోన్‌హోఫర్ ఇదే సత్యాన్ని నాజీ జర్మనీలో జీవించి చూపాడు. ఫింకెన్‌వాల్డేలో ఆయన నడిపిన కాపరుల శిక్షణాలయాన్ని 1937లో గెస్టపో మూసేసింది. అదే ఏడు వచ్చిన శిష్యత్వంపై గ్రంథంలో, విధేయత కోరని కృపను చవకబారు కృపగా ఆయన విమర్శించాడు. శిక్షణాలయంలోని సహజీవనం గురించి 1939లో మరో పుస్తకం వెలువరించాడు. 1945 ఏప్రిల్ 9న ఆయన్ను ఉరితీశారు.

తెలుగు నేల మీద

హాలే భక్తి ఉద్యమానికీ తెలుగు ముద్రణకూ సంబంధం ఉంది. ఆ ఉద్యమం పంపిన మిషనరీ బెంజమిన్ షుల్ట్జ్ తెలుగులో రాసిన క్రైస్తవ ప్రశ్నోత్తరి వంటి చిన్న పుస్తకాలు 1746–47లో హాలేలోనే అచ్చయ్యాయి. ముద్రితమైన తొలి తెలుగు పుస్తకాలుగా వీటిని పేర్కొంటారు.

విశ్వాసంలోకి రావడానికీ ఎదగడానికీ మధ్య ఉన్న దూరం ఒంగోలులో పెద్ద ప్రశ్నగా ఎదురైంది. 1876–78 కరవులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. కూలికోసం, తిండికోసం చేరుతున్నారన్న మాట రాకూడదని కరవు సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తరువాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. వారిలో అత్యధికులు మాదిగలు. ఇంతమందిని పెంచే భారం పల్లె ఉపదేశకులు, బైబిలు స్త్రీలు, చిన్న బడులు మోశాయి. చదువు రావడం, తల ఎత్తుకుని నడవడం, తాగుడు మానడం ఆ ప్రజల ఆత్మీయ ఎదుగుదలలో విడదీయరాని భాగమయ్యాయి.

1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తుడైన వి.ఎస్. అజరయ్య భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పు. బాప్తిస్మం పొందిన ప్రతివారూ సువార్త చెప్పాలని, ఎంత పేదవారైనా ఇవ్వడం నేర్చుకోవాలని ఆయన పట్టుదలగా బోధించాడు. వంటకు బియ్యం పోసుకునేటప్పుడు ఒక పిడికెడు తీసి సంఘానికి దాచే అలవాటు తెలుగు క్రైస్తవ స్త్రీలలో ఆ తరం నుంచి బాగా పాతుకుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల రచనలున్న ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ చదువురాని విశ్వాసులకు కూడా వేదాంతాన్ని రాగతాళాలతో నేర్పాయి.

1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు స్థాపించిన బైబిల్ మిషన్‌లో దేవుని సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం ముఖ్య సాధన. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, కెనడాలో క్రీస్తును నమ్మిన భక్త్ సింగ్ (1903–2000) హైదరాబాదులోని హెబ్రోను కేంద్రంగా పనిచేశాడు. ఆయన సంఘాల్లో ఆదివారం ఆరాధన తరువాత కులభేదం లేకుండా అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినే ప్రేమవిందు ఆరాధనకు కొనసాగింపు. అంతియొకయలో పేతురు తడబడింది ఇలాంటి పంక్తి దగ్గరే. శ్రమల దినాల్లో నలభై రోజుల ధ్యానాలు, స్త్రీల సమాజాలు, సండే స్కూళ్లు, ఉపవాస కూడికలు, ఇంటింటి కుటుంబ ప్రార్థన తెలుగు విశ్వాసులను నేటికీ పెంచుతున్నాయి. గల్ఫ్ దేశాలకూ అమెరికాకూ వెళ్లిన తెలుగువారు ఈ అలవాట్లను అక్కడి తమ సంఘాల్లోనూ కొనసాగిస్తున్నారు.

ఆధునిక అధ్యయనాలు

అమెరికన్ పండితుడు జేమ్స్ ఫౌలర్ 1981లో ప్రచురించిన గ్రంథంలో, బాల్యం నుంచి విశ్వాసం ఆరు దశల్లో మారుతుందని ప్రతిపాదించాడు. పెద్దల విశ్వాసాన్ని అలాగే స్వీకరించిన దశ నుంచి, ప్రశ్నించి తనదిగా చేసుకునే దశకు మనిషి వెళతాడన్న వివరణ యువజన సేవలో బాగా ఉపయోగపడింది. ఈ నమూనా ఆలోచనాశక్తికి ఎక్కువ, ప్రేమకూ విధేయతకూ తక్కువ ప్రాధాన్యం ఇస్తుందన్న విమర్శ ఉంది.

1970ల నుంచి లాటిన్ అమెరికా విమోచన వేదాంతం, 1980ల నుంచి భారతదేశంలో దళిత వేదాంతం మరో ప్రశ్న వేశాయి. అన్యాయాన్ని చూస్తూ మౌనంగా ఉండే భక్తిని పరిపక్వత అనవచ్చా? సంఘంలోనే కులం కొనసాగుతున్నచోట ఈ ప్రశ్న సూటిగా తగులుతుంది. పెళ్లి సంబంధాల్లో, సంఘ పదవుల్లో, చివరికి శ్మశానాల్లో కూడా కులాన్ని పాటించే సంఘం ఎన్ని ఉజ్జీవ సభలు జరిపినా, పౌలు కొరింథీయులను పసిబిడ్డలన్న మాట దానికీ వర్తిస్తుంది.

అపోహలు, ప్రమాదాలు

విశ్వాసంలో గడిచిన ఏళ్లను పరిపక్వతగా పొరబడటం సాధారణం. వాక్చాతుర్యాన్ని, సంపదను, స్వస్థతలను దేవుని ఆమోదంగా భావించడం మరో పొరపాటు. నియమాల జాబితాను పాటించి ఇతరులను తీర్పు తీర్చే కఠినత్వమూ, కృప ఉంది కదా అని నడతను పట్టించుకోని నిర్లక్ష్యమూ ఎదుగుదలను రెండు వైపుల నుంచీ అడ్డుకుంటాయి. ఆత్మీయ తండ్రి, దైవజనుడు అన్న పేరుతో లెక్క చెప్పకుండా ఇతరుల జీవితాల మీద పెత్తనం చేయడం వీటన్నిటికంటే ప్రమాదకరం. నిజంగా ఎదిగిన నాయకుడి దగ్గర విశ్వాసులు స్వేచ్ఛగా ప్రశ్నించగలుగుతారు, సొంతంగా నిర్ణయాలు తీసుకునే శక్తి పొందుతారు.

పరిపక్వతను ఎవరికి వారు ప్రకటించుకోలేరు. తప్పు చేసినప్పుడు ఒప్పుకోవడం, అవమానించినవారిని క్షమించడం, మాట పట్టింపు వచ్చినా సంబంధం తెంచుకోకపోవడం, ఎవరూ చూడనిచోట సహాయం చేయడం దాని గుర్తులు. వాటిని ఇంట్లో భార్యాభర్తలు, పిల్లలు, పనిచేసేచోట కూలీలు, తోటి ఉద్యోగులు అందరికంటే ముందు గమనిస్తారు. అందుకే సంఘంలో ఒకరి ఎదుగుదలకు నమ్మదగిన సాక్ష్యం ఆ మనిషితో కలిసి బతికేవారు చెప్పేదే.